గిల్బర్టు వైటు - మూడు ఆకుపిట్టలు

సముద్రములు దాటి క్రొత్త ఖండములను కనుగొన్నవారి చరిత్రలను మనము చదివియున్నాము. మహారణ్యములు చొచ్చి, మంచుకొండల నెక్కి కీర్తి గడించినవారి కథలను వినియున్నాము. కాని పుట్టిన పల్లెనే తన ప్రపంచముగా చేసికొని, పెరటిలోను, ఊరి చెంతనున్న గుట్టమీదను అందరి కన్నులయెదుటనే యుండి యెవ్వరును గమనింపని వింతలను కనుగొని లోకమునకు తెలిపినవారు అరుదు. అట్టి అరుదైనవారిలో గిల్బర్టు వైటు ఒకడు. ఆయన రాజు కాడు, సేనాని కాడు, గొప్ప పదవి నలంకరించినవాడును కాడు. చిన్న చర్చిలలో ప్రార్థనలు జరిపించుచు, తోట పెంచుకొనుచు, పిట్టల పాటలు వినుచు జీవితమును గడిపిన నిరాడంబరుడు. అయినను ఆయన మరణించి రెండు శతాబ్దములు దాటిన తరువాతను, పక్షులను గూర్చి చదువువారందరు ఆయన పేరును గౌరవముతో తలచుచున్నారు. అందులకు గల కారణములలో పది గ్రాముల బరువైనను సరిగా తూగని ఒక అడవిపిట్ట కథ ముఖ్యమైనది.

ఇంగ్లండు దక్షిణభాగమున హాంప్‌షైరు అను మండలము కలదు. అందు సెల్బోర్ను ఒక చిన్న గ్రామము. గ్రామమునకు ఒక ప్రక్క సుద్దరాతి గుట్ట ఇంచుమించు 300 అడుగుల ఎత్తున గోడవలె లేచియుండును. ఆ గుట్ట వాలున బీచి చెట్లు దట్టముగా పెరిగియుండును. నున్నని బెరడు, తళతళలాడు ఆకులు గల ఆ వృక్షములు వేసవియందు ఆకాశము కానరాకుండ పందిరి వేయును. ఇట్లు ఏటవాలున పెరిగిన అడవిని ఆ దేశమున హ్యాంగరు అందురు. సెల్బోర్ను హ్యాంగరు నీడలోనే మన కథానాయకుని జీవితము చాలవరకు గడచినది.

1720వ సంవత్సరము జూలై 18వ తేదీన గిల్బర్టు వైటు ఆ గ్రామమున మతాచార్యుని గృహమందు జన్మించెను. ఆయన తాత అచ్చటి చర్చికి ఆచార్యుడు. తాతగారి పేరే మనుమనికి పెట్టిరి. తండ్రి జాన్ వైటు న్యాయశాస్త్రము చదివినవాడు. గిల్బర్టు జ్యేష్ఠపుత్రుడు. ఆయన వెనుక పలువురు తమ్ములును, చెల్లెండ్రును జన్మించిరి. తాతగారి మరణానంతరము కుటుంబము అదే గ్రామములోని ది వేక్స్ అను ఇంట స్థిరపడెను. ఆ యింటి వెనుక తోట. తోటకు ఆవల పచ్చికబయలు. పచ్చికబయలుకు ఆవల హ్యాంగరు అడవి. కిటికీ తెరచినచో అడవిగాలి ఇంటిలోనికి వీచెడిది. బాలుడు పిట్టల కూతలను వినుచు పెరిగెను.

గిల్బర్టు బేసింగ్‌స్టోకు పట్టణమున చదివి, పిమ్మట ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఓరియల్ కళాశాలలో చేరెను. 1743లో పట్టభద్రుడయ్యెను. మరుసటి సంవత్సరమే ఆ కళాశాలలో ఫెలో అను గౌరవస్థానమును పొందెను. తరువాత మతాచార్య దీక్షను స్వీకరించెను. అంతటి చదువు చదివినవానికి ఆ దినములలో పెద్ద పట్టణములందు పదవులు దొరకుట కష్టము కాదు. కాని ఆయన మనస్సు ఎప్పుడును సెల్బోర్ను మీదనే యుండెను. ఆ గ్రామపు చర్చికి ప్రధానాచార్యుని నియమించు హక్కు మాడ్లెన్ అను వేరొక కళాశాలకు చెందియుండెను. ఓరియల్ కళాశాలవాడైన గిల్బర్టుకు ఆ పదవి అందని పండయ్యెను. అందుచేత ఆయన కొంతకాలము స్వగ్రామమునను, ఇరువది సంవత్సరములకు పైగా పొరుగుననున్న ఫారింగ్డను గ్రామమునను సహాయాచార్యుడుగా పనిచేసెను. తక్కువ జీతమునకైనను సంతోషించెను గాని, దూరదేశమునకు పోయి స్థిరపడుట కిష్టపడలేదు. వివాహమును చేసికొనలేదు. బండిప్రయాణము ఆయన శరీరమునకు సరిపడెడిది కాదు. గుఱ్ఱముమీదనో, కాలినడకనో పరిసరములన్నియు తిరిగెడివాడు. 1753లో తమ్ముడు జాన్‌తో కూడి హ్యాంగరు గుట్టపైకి వంకరలు తిరుగుచు పోవు ఒక కాలిబాటను ఏర్పరచెను. ఆ బాట నేటికిని కలదు.

గిల్బర్టు వైటునకు మొదట తోటపనియందు మక్కువ మెండు. ఎరువు గుంటల వేడిమితో ఖర్బూజాలను పండించుట యందు ఆయన మంచి నేర్పరి. 1751వ సంవత్సరమునుండి తోటలో ఏ విత్తనము ఎన్నడు నాటినది, ఎన్నడు మొలకెత్తినది, ఆనాడు ఎండయో వానయో ఒక పుస్తకమున వ్రాసికొనసాగెను. ఇది చిన్న అలవాటు. కాని చిన్న అలవాటే మనుష్యుని పెద్దపనికి సిద్ధపరచును. విత్తనములను గూర్చి వ్రాయు చేయి క్రమముగా పువ్వులను గూర్చియు, పురుగులను గూర్చియు, పిట్టలను గూర్చియు వ్రాయసాగెను. ఏ పిట్ట యేనాడు గ్రామమునకు వచ్చినది, ఏనాడు మొదటిసారి కూసినది, ఏనాడు కానరాకపోయినది తేదీలతోసహ ఆ పుటలకెక్కెను. 1768 నుండి ఈ దినచర్యను అచ్చుగీతలు గల ప్రత్యేక పుస్తకములలో వ్రాసి, మరణమునకు కొలది దినముల ముందువరకును కొనసాగించెను. ఒకే స్థలమును, ఒకే మనుష్యుడు, ఇన్ని సంవత్సరములు విడువక గమనించి వ్రాసియుంచుట ఆ కాలమున మిక్కిలి అరుదైన విషయము.

పల్లెలో ఈ విషయములను గూర్చి ముచ్చటించుటకు తగిన తోడు ఆయనకు లేదు. ఆ కొరతను ఉత్తరములు తీర్చెను. 1767లో థామస్ పెనెంటు అను ప్రసిద్ధ జంతుశాస్త్రజ్ఞునితోను, 1769లో డెయిన్స్ బారింగ్టను అను న్యాయాధిపతితోను ఆయనకు ఉత్తర ప్రత్యుత్తరములు ప్రారంభమయ్యెను. పెనెంటు బ్రిటను దేశపు జంతువులను గూర్చి పెద్ద గ్రంథమును వ్రాసినవాడు. అట్టి పండితునికి తాను చూచినదానిని వ్రాయవలెనన్న ఊహతో ఏమియు చెప్పరాదు. ప్రతి మాటకును సాక్ష్యము కావలెను. ఈ నియమమును గిల్బర్టు తనకు తానే విధించుకొనెను.

ఇపుడు మన అడవిపిట్ట కథకు వత్తము. వసంతఋతువున ఇంగ్లండు అడవులకును, తోటలకును బొటనవ్రేలంతటి చిన్నపిట్టలు వచ్చి చేరును. వీపు ఆకువంటి పచ్చన. పొట్ట తెలుపు పసుపుల కలయిక. ముక్కు సూదివలె సన్నన. ఇవి ఆకుల నడుమ అనుక్షణము కదలుచు, ఆకుల అడుగునను, కొమ్మల సందులయందును దాగిన చిన్న పురుగులను ఏరి తినును. ఆకులలో ఆకులై మెలగు ఈ పిట్టలను మనము ఆకుపిట్టలని పిలుచుకొందము. ఆ కాలపు పండితులలో చాలమంది ఈ పిట్టలన్నియు ఒకటే జాతియని తలచియుండిరి. చూచుటకు ఒకదానికొకటి అచ్చుగ్రుద్దినట్లుండును. నేటి దుర్భిణిలవంటి సాధనములు ఆనాడు లేవు. చిటారుకొమ్మలలో క్షణకాలమైనను నిలువని చిట్టిపిట్టను నేలమీద నిలిచినవాడు పోల్చుకొనుట యెట్లు?

గిల్బర్టు వైటు కన్నులతో కానిదానిని చెవులతో సాధించెను. ప్రతి వసంతమునను ఆయన హ్యాంగరు బాటలయందు నడచుచు పాటలను వినెడివాడు. విన్నకొలది ఆయనకు ఒక సందేహము కలిగెను. ఇవన్నియు ఒకటే జాతియైనచో మూడు విధములైన పాటలేల? ఒక్కొక్క పాట ఒక్కొక్క చోటనే వినబడుటయేల? ఒక పిట్ట ఒకనాడు ఒక పాట, మరునాడు వేరొక పాట పాడుచున్నదేమో యని ఆయన పరీక్షించెను. అట్లు జరుగుట లేదు. ఏ పిట్ట పాట ఆ పిట్టదే. ఏడు గడచి మరల వసంతము వచ్చినను మార్పు లేదు.

మొదటి పిట్ట అందరికంటె ముందుగా, మార్చి మాసముననే వచ్చును. దాని పాటలో రెండే స్వరములు. ఆ రెంటినే అది గడియారపు చప్పుడువలె విసుగులేక మార్చి మార్చి పలుకును. దానినే నేడు చిఫ్‌చాఫ్ అందురు. ఆ పేరు దాని పాటయే. రెండవ పిట్ట పాట మృదువైనది. పైస్వరమున మొదలై, మెట్లు దిగివచ్చినట్లు క్రమముగా దిగి, సన్నగిలి ముగియును. ఇది విల్లో వార్బ్లరు. మూడవది పొదలకును, తోటలకును రాదు. ఎత్తైన బీచి చెట్ల చిటారుకొమ్మలయందే యుండును. దాని పాట చిమ్మెట కూతను పోలియుండును. పాడునపుడు దాని రెక్కలు కొంచెముగా వణకును. నున్నని రాతిమీద నాణెమును గిరగిర త్రిప్పి విడిచినచో, అది పడబోవుటకు ముందు చేయు వడివడి చప్పుడును ఊహించుకొనుడు. ఆ పాట ఇంచుమించు అట్లుండును. ఇదియే వుడ్ వార్బ్లరు, అనగా అడవి ఆకుపిట్ట.

పాటలు వేరని చెప్పినంతమాత్రమున పండితులు ఒప్పుకొందురా? 1768 ఏప్రిలు నాటికి గిల్బర్టుకు రెండు జాతులు చక్కగా తెలిసెను. మూడవదియు కలదని నమ్మకము కుదిరెను గాని, దానిని చేతబట్టి పరీక్షించు అవకాశము అప్పటికి చిక్కలేదు. ఆయన తొందరపడలేదు. ఆ కాలమున పక్షిని గుర్తించుటకు దానిని కాల్చి తెచ్చి చూచుట తప్ప వేరు మార్గము లేకుండెను. ఆయనయు అట్లే చేసెను. నేటి పరిశీలకులకు ఆ అవసరము లేదు. ఆ వేసవిలో మూడు జాతుల పిట్టలు ఆయన బల్లమీదికి వచ్చెను. ఆయన వానిని ప్రక్కప్రక్కన పెట్టి చూచెను. పరిమాణమున మూడును క్రమముగా భేదించుచుండెను. చిన్నదానికి కాళ్లు నల్లన, మిగిలినవానికి లేతరంగు. అన్నిటికంటె పెద్దదియగు అడవి ఆకుపిట్ట రెక్క ఈకల చివరలు తెల్లన. దాని పసుపుపచ్చల వన్నెయు నిండైనది. చెవి చెప్పిన సాక్ష్యమును కన్ను సమర్థించెను. 1768 ఆగస్టు 17వ తేదీన ఆయన పెనెంటునకు ఉత్తరము వ్రాయుచు, ఇక సందేహము లేదనియు, మూడును వేర్వేరు జాతులే యనియు తెలిపెను.

ఈ విషయము నేడు మనకు స్వల్పముగా తోచవచ్చును. కాని ఆలోచించి చూడుడు. చనిపోయిన పక్షులను పెట్టెలలో నింపి, ఈకలను మాత్రమే పోల్చి చూచుట ఆ కాలపు పండితుల పద్ధతి. బ్రతికియున్న పక్షి యెచ్చట నివసించును, ఏమి తినును, ఎట్లు పాడును అనునవి కూడ దానిని గుర్తించుటకు ఆధారములు కాగలవని గిల్బర్టు వైటు చూపెను. ఇందుచేతనే జీవించియున్న పక్షుల అధ్యయనమునకు మార్గము చూపినవారిలో ఆయనను ముందుగా లెక్కింతురు. అడవి ఆకుపిట్టకు జర్మనీ పండితుడు బెక్‌స్టైన్ శాస్త్రీయ నామమును పెట్టునాటికి, ఈ పల్లెటూరి ఆచార్యుడు దానిని వేరుపరచి ఇరువది సంవత్సరములు దాటెను.

ఆ పిట్ట జీవితమును గూర్చి తరువాతివారు తెలిసికొన్న విశేషములు కొన్ని కలవు. దాని పొడవు 12 సెంటిమీటర్ల మాత్రము; బరువు ఇంచుమించు 10 గ్రాములు. కంఠము, ఎదురొమ్ము లేత పసుపు, పొట్ట తెలుపు. చెట్ల పైకొమ్మలలో పాడునదే యైనను అది గూడు కట్టునది నేలమీద. రాలిన ఆకుల నడుమ, ఎండుగడ్డితో, ప్రక్కన చిన్న వాకిలి గల గుండ్రని గూటిని ఆడుపిట్ట కట్టును. చిఫ్‌చాఫ్, విల్లో వార్బ్లరు తమ గూళ్లలో మెత్తని ఈకలను పరచును. అడవి ఆకుపిట్ట మాత్రము ఈకలను వాడదు. సన్నని గడ్డిని, వెండ్రుకలను పరచుకొనును. సాధారణముగా ఐదు మొదలు ఏడు వరకు గ్రుడ్లు పెట్టును. ఆడుపిట్ట పదమూడు దినములు ఇంచుమించుగా పొదుగును. పిల్లలు వెలువడిన పిమ్మట తల్లియు తండ్రియు కూడ ఆకుపురుగులను, ఈగలను, చిన్న సాలెపురుగులను తెచ్చి పెట్టును. బీచి, ఓకు చెట్లపై ఆకుపురుగులు విరివిగా పుట్టు కాలమునకే పిల్లలు పుట్టుట ప్రకృతిలోని యొక ఏర్పాటు. పురుగులు తగ్గు కాలమునకు పిట్టలు ప్రయాణమగును. వేసవి ముగియకముందే అవి ఐరోపాను విడిచి, సహారా ఎడారిని దాటి, భూమధ్యరేఖ చెంతనున్న ఆఫ్రికా అడవులను చేరును. పది గ్రాముల పిట్ట అంత దూరము పోయి, మరల వసంతమున తిరిగివచ్చును.

ఈ వలస సంగతి గిల్బర్టు కాలమున పూర్తిగా తేలలేదు. శీతకాలమున పిట్టలు ఎచ్చటికి పోవుచున్నవి అనునది ఆనాటి పెద్ద ప్రశ్న. కొన్ని దూరదేశములకు పోవునని కొందరును, నీటి అడుగుననో, బొరియలయందో నిద్రించునని కొందరును వాదించుచుండిరి. మట్టితో గూడుకట్టు స్వాలో పిట్టలను గూర్చి ఈ వాదము మిక్కుటముగా నుండెను. మన ప్రాంతమున వీనిని వానకోవెల లందురు. గిల్బర్టు తమ్ముడు జాన్ జిబ్రాల్టరులో మతాచార్యుడుగా నుండి, పక్షులు గుంపులు గుంపులుగా జలసంధిని దాటుటను కన్నులార చూచి అన్నకు వ్రాసెను. గిల్బర్టు ఆ సాక్ష్యమును గౌరవించెను. అయినను శరత్కాలపు చివర వెచ్చని దినములలో స్వాలోలు హఠాత్తుగా కానవచ్చుటను చూచి, కొన్నియైనను ఇచ్చటనే దాగియున్నవేమో యని శంకించెను. మనుష్యులను పెట్టి గుట్టవాలున పొదలను, వేళ్ల సందులను వెదకించెను. నిద్రించు పిట్ట ఒక్కటియు దొరకలేదు. దొరకలేదు కనుక ఉన్నవని ఆయన చెప్పలేదు. శంక మాత్రము తుదివరకును తీరలేదు. ఈ విషయమున ఆయన శంక సరియైనది కాదని తరువాతి శాస్త్రము తేల్చెను. కాని తెలియనిదానిని తెలిసినట్లు చెప్పకుండుట యందు ఆయన ఎన్నడును తప్పలేదు.

పిట్టలే కాక ఆయన దృష్టికి రాని ప్రాణి లేదు. గోధుమచేలలో నివసించు చిట్టెలుకను ఇంగ్లండులో మొదట గుర్తించి వర్ణించినది ఆయనయే. అట్టి ఎలుకలు రెండింటిని త్రాసులో పెట్టగా ఒక చిన్న రాగినాణెమునకు సరితూగెను. గోధుమ ఆకులతో అల్లిన బంతివంటి గూటిలో ఎనిమిది పిల్లలు ఇమిడియుండుటను చూచి ఆయన ఆశ్చర్యపడెను. వానపాములు తోటకు శత్రువులని రైతులు తలచు కాలమున, అవి నేలను గుల్లచేసి, ఆకులను లోనికి లాగి, మన్నును సారవంతము చేయుచున్నవనియు, అవి లేనిచో నేల గట్టిపడి నిస్సారమగుననియు 1777లో వ్రాసెను. నూరేండ్ల తరువాత, 1881లో, చార్లెస్ డార్విను ఈ విషయమును గూర్చియే ఒక గ్రంథమును ప్రకటించెను. బాల్యమున గిల్బర్టు వైటు పుస్తకమును చదివి, పిట్టలను గమనింప నేర్చిన బాలుడే ఆ డార్విను.

1780లో గిల్బర్టు పినతల్లివంటి మేనత్త మరణింపగా, ఆమె పెంచిన తాబేలు ఆయన తోటకు వచ్చెను. దాని పేరు తిమోతి. నేలలో నిద్రించుచున్న దానిని త్రవ్వి తీసి, పెట్టెలో పెట్టి, 80 మైళ్లు బండిలో తెచ్చెను. అది ఏనాడు నేలలోనికి దూరినది, ఏనాడు లేచినది, ఎంత తూగినది ఆయన దినచర్యలో కలదు. దానికి చెవులు వినబడునో లేదో యని పెద్ద బాకాతో దాని చెంత కేకవేసి చూచెను. అది చలింపలేదు. ఆ తాబేలు మగది కాదు, ఆడుదియని దాని మరణానంతరమే తెలిసెను. దాని చిప్పను లండనులోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో భద్రపరచియున్నారు.

ఆయన గ్రంథమున ఒక విషాదకథయు కలదు. సెల్బోర్ను సమీపమున ఒక ఓకు వృక్షముమీద, రేవను అను పెద్ద నల్లకాకుల జంట ఏటేట గూడు కట్టుచుండెను. మ్రాను నడిమిభాగము ఉబ్బుగా నుండుటచే ఎంతటి సాహసవంతుడైన బాలుడును ఆ గూటిని అందుకొనలేకపోయెను. తరతరములుగా పక్షులు అచ్చట నిర్భయముగా నుండెను. ఒక యేడు కలపకై ఆ వృక్షమును నరికిరి. అది ఫిబ్రవరి మాసము. తల్లిపక్షి గ్రుడ్లపై కూర్చున్న కాలము. గొడ్డలి దెబ్బలకు అడవి ప్రతిధ్వనించినను తల్లి గూటిని వీడలేదు. చెట్టు కూలునపుడు కొమ్మల దెబ్బలకు నేలబడి ప్రాణములు విడిచెను. గిల్బర్టు ఈ సంగతిని ఎట్టి అలంకారములును లేక కొలది వాక్యములలో వ్రాసెను. చదివినవారు మాత్రము మరువలేరు. చెట్టు నరకుట యనగా చెట్టు నొక్కదానినే నరకుట కాదని ఆ కథ మనకు బోధించును.

పెనెంటునకును, బారింగ్టనునకును వ్రాసిన ఉత్తరములను గ్రంథముగా కూర్చుటకు ఆయన చాలకాలము సంకోచించెను. మిత్రులును, బంధువులును ప్రోత్సహింపగా తుదకు అంగీకరించెను. లండనులో పుస్తక ప్రచురణ చేయుచున్న తమ్ముడు బెంజమిన్ దానిని అచ్చువేసెను. సెల్బోర్ను ప్రకృతి చరిత్ర అను నర్థము గల ఆ గ్రంథము 1789 అను ముద్రణ సంవత్సరముతో వెలువడెను. అప్పటికి గ్రంథకర్తకు దాదాపు 69 ఏండ్లు. జీవితకాలమున ఆయన వెలువరించిన గ్రంథము అదొక్కటియే. ఆ యొక్క గ్రంథము నాటినుండి నేటివరకు లెక్కకు మిక్కిలిగా ముద్రణలను పొందుచునే యున్నది.

1793 జూన్ 26వ తేదీన గిల్బర్టు వైటు తాను ప్రేమించిన ఇంటిలోనే కన్నుమూసెను. గ్రామపు చర్చి ఆవరణమున ఆయన సమాధి కలదు. దానిమీద గొప్ప శాసనము లేదు. చిన్న రాతిపై పేరులోని మొదటి అక్షరములు రెండును, మరణించిన తేదీయు మాత్రమే చెక్కియున్నవి. ఆయన నివసించిన ది వేక్స్ గృహమును 1955లో ప్రదర్శనశాలగా తెరచిరి. హ్యాంగరు అడవియు నేడు రక్షణలో నున్నది.

కాని ఆయన వేరుపరచి చూపిన అడవి ఆకుపిట్ట స్థితి మాత్రము సంతోషకరముగా లేదు. ఇరువదవ శతాబ్దము చివరినుండి బ్రిటనులో దాని సంఖ్య సగమునకు పైగా తగ్గిపోయెను. 2009లో దానిని మిక్కిలి ఆందోళన కలిగించు పక్షుల ఎఱ్ఱపట్టికలో చేర్చిరి. దక్షిణ ఇంగ్లండులో ఒకప్పుడు దాని పాటతో మారుమ్రోగిన పెక్కు అడవులు నేడు వసంతమునను నిశ్శబ్దముగా నున్నవి. ఆఫ్రికా అడవులలో కలిగిన మార్పులా? ఐరోపా అడవులలో కలిగిన మార్పులా? పురుగులు పుట్టు కాలము మారుటయా? శాస్త్రజ్ఞులు పరిశోధించుచున్నారు. ఇట్టి పరిశోధనలకు పూర్వకాలపు లెక్కలు కావలెను. ఏ పిట్ట యేనాడు వచ్చెనో, ఎచ్చట పాడెనో వ్రాసియుంచిన గిల్బర్టు వైటువంటివారి పుటలే అట్టి లెక్కలు. ఒకప్పుడు ఉన్నదని ఎవ్వరును వ్రాయనిచో, ఇప్పుడు లేదని యెవ్వరికి తెలియును? పేరు లేని పిట్ట పోయినచో దానికై విచారించువారును ఉండరు.

బాలబాలికలారా! ఆకుపిట్టలు ఇంగ్లండునకు మాత్రమే చెందినవి కావు. వాని దగ్గరి బంధువులు కొన్ని ప్రతి సంవత్సరము శీతకాలమున ఉత్తరదేశములనుండి, హిమాలయ ప్రాంతములనుండి మన తెలుగునాట మామిడితోపులకును, చింతతోపులకును వచ్చును. ఆకుల నడుమ పురుగులను ఏరుకొనుచు, సన్నని గొంతుకతో పలుకుచు, వేసవి ముదురకముందే తిరిగిపోవును. మనలో ఎందరము వానిని చూచితిమి? అవి వచ్చిన దినమును ఎందరము వ్రాసికొంటిమి? దానికి ధనము అక్కరలేదు, దూరప్రయాణము అక్కరలేదు. ఒక చిన్న పుస్తకము, ఒక కలము, వేకువజామున కొంత ఓపిక చాలును. చెట్టుక్రింద కదలక నిలిచి వినుడు. విన్నదానిని తేదీతోసహ వ్రాయుడు. తెలియనిదానిని తెలియదని వ్రాయుడు. సెల్బోర్ను పల్లెలో గిల్బర్టు వైటు చేసిన పని యింతియే. అంత చిన్న పనిని నలువదేండ్లకు పైగా విడువక చేయుటయే ఆయన గొప్పతనము.